ఒక చుక్క... రెండు సంతకాలు!

పైకి చూస్తే ఒకే తార. దాని వెలుగును విడదీసి చూస్తే మాత్రం ఇద్దరు బయటపడతారు. ఒకరు ఉబ్బిపోయి చల్లారుతున్న ముసలి తార. మరొకరు లక్ష డిగ్రీల వేడితో భగభగలాడే మరుగుజ్జు. ఒకరిని ఒకరు వదలలేని ఈ జంటల పేరే సహజీవన తారలు. వీటిని ముఖ్యంగా పట్టిచ్చేది వర్ణపటమే. ఆ కథలో మన గుంటూరుకీ, విశాఖకీ కూడా చోటుంది!

పొయ్యి మీద పప్పుచారు మరుగుతోంది. ఒక్క క్షణం ఏమరుపాటు. అంతే... బుసబుసా పొంగి మంట మీద పడింది. అప్పటిదాకా నీలంగా వెలుగుతున్న గ్యాస్ మంట ఒక్కసారిగా పసుపుపచ్చగా మారిపోయింది. కంగారుగా స్టవ్ కట్టేసి, గట్టు తుడుచుకోవడంలో పడిపోతాం. కానీ ఆ పసుపురంగు మనకో సంగతి చెప్పి వెళ్లింది. చారులో ఉప్పుంది, ఉప్పులో సోడియం ఉంది, సోడియం మండితే పసుపు వెలుగే వస్తుంది. చారు రుచి చూడకుండానే అందులో ఉప్పు పడిందని చెప్పేయొచ్చన్నమాట!

దీపావళి మతాబుల రహస్యమూ అదే. ఆకుపచ్చ వెలుగుకు బేరియం, ఎర్రటి వెలుగుకు స్ట్రాన్షియం. ప్రతి మూలకానికీ తనదైన రంగులుంటాయి. మనిషికి వేలిముద్ర ఎలాగో మూలకానికి ఆ రంగుల గీతలు అలాగ. ఒకరివి ఇంకొకరికి రావు.

వంటింటి మంటకు వర్తించే ఈ సూత్రమే వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రానికీ వర్తిస్తుంది. అక్కడికి వెళ్లక్కర్లేదు, ముట్టుకోనక్కర్లేదు. దాని వెలుగు మన దూరదర్శినిలో పడితే చాలు. ఆ వెలుగును ఇంద్రధనుస్సులా పరిచి, అందులోని గీతలు చదివితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేయొచ్చు. వర్ణపట శాస్త్రం చేసే పని ఇదే.

గుంటూరులో ఆ ఉదయం...

జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ చిన్నతనంలోనే తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని, అద్దాల దుకాణంలో పనికి కుదిరినవాడు. 1814లో సూర్యకాంతిని పట్టకం గుండా పంపి చూస్తే రంగుల మధ్య వందల కొద్దీ నల్లటి గీతలు కనిపించాయి. అవేమిటో ఆయనకు తెలియలేదు. 1859లో కిర్కాఫ్, బున్‌సెన్ అనే ఇద్దరు మిత్రులు గుట్టు విప్పారు. వేడెక్కిన పలచటి వాయువు తన గుర్తుల్ని మెరిసే గీతలుగా చూపిస్తుంది. వెలుగుకు అడ్డంగా చల్లటి వాయువు వస్తే, సరిగ్గా ఆ గీతల్నే మింగేసి నల్లటి గుర్తులు వదులుతుంది.

ఇది తెలిసిన తొమ్మిదేళ్లకు, 1868 ఆగస్టు 18న మన దేశంలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే శాస్త్రవేత్త వర్ణపటదర్శిని వెంటబెట్టుకుని గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం చేరుకున్నాడు. పట్టపగలు చీకటి కమ్మిన ఆ కొద్ది నిమిషాల్లో, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. అవి ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని జాన్సెన్‌కు అనిపించింది. మర్నాడే గుంటూరులో చూశాడు కూడా! అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ కూడా గ్రహణం లేకుండానే ఆ గీతల్ని పట్టుకున్నాడు.

వాటిలో ఓ పసుపు గీత ఉంది. అది సోడియానిది కాదు, భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదు. సూర్యుడి పేరుమీద లాకియర్ దానికి హీలియం అని పేరు పెట్టాడు. అది భూమ్మీద దొరకడానికి 1895 దాకా ఆగాల్సివచ్చింది. అప్పుడు రామ్సే ఓ యురేనియం ఖనిజంలో దాన్ని కనిపెట్టాడు. సహజీవన తారల్ని పట్టించే సాక్షుల్లో ముఖ్యమైనది ఈ హీలియమే. అందుకే ఈ కథ గుంటూరు మీదుగా వెళ్లక తప్పదు.

పనిమనిషి కళ్లకు చిక్కిన వింత

విలియమీనా ఫ్లెమింగ్ స్కాట్లండు నుంచి అమెరికా వలస వచ్చింది. గర్భవతిగా ఉండగా భర్త వదిలేసి వెళ్లిపోతే, హార్వర్డ్ వేధశాల అధిపతి పికరింగ్ ఇంట్లో పనికి చేరింది. ఆమె చురుకుదనం చూసి 1881లో ఆయన వేధశాలలో ఉద్యోగమిచ్చాడు. నక్షత్రాల వర్ణపటాలు ముద్రించిన గాజు పలకల్ని భూతద్దంతో ఒక్కొక్కటే పరీక్షించడం ఆమె పని. అలా చూస్తూ చూస్తూ మూడొందలకు పైగా చంచల తారల్నీ, పది నోవాలనీ కనిపెట్టింది. గుర్రపు తల ఆకారంలోని ప్రసిద్ధ నీహారిక కూడా ఆమె కంట పడిందే.

ఏ వరుసలోనూ ఇమడని తారలు కొన్ని ఆమెను ఆపేశాయి. వాటి వర్ణపటాలు విచిత్రంగా ఉన్నాయని పక్కన పెట్టింది. ఆ జాబితా ఆమె చనిపోయిన మరుసటి ఏడాది, 1912లో అచ్చయింది. అందులో కొన్ని సహజీవన తారలని లోకానికి తర్వాత తెలిసింది.

1932లో అమెరికాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో పాల్ మెరిల్, మిల్టన్ హ్యూమసన్ ఇలాంటి మూడు తారల సంగతి బయటపెట్టారు. హంస లాంటి పేర్లకు అలవాటుపడ్డ మనకు వాటి పేర్లు పొడి అక్షరాల్లా అనిపిస్తాయి... సీఐ సిగ్ని, ఆర్‌డబ్ల్యూ హైడ్రే, ఏఎక్స్ పెర్సీ. హ్యూమసన్ కథా తక్కువదేం కాదు. పద్నాలుగేళ్లకే బడి మానేసి, కంచరగాడిదల మీద కొండపైకి సామాను తోలి, అదే వేధశాలలో ఊడ్చే పనికి చేరి, చివరికి శాస్త్రవేత్త అయ్యాడు!

ఇంతకీ వీళ్లకు కనిపించిన వింతేమిటి? ఒకే చుక్క వెలుగులో పొసగని రెండు గుర్తులు. ఒకటి టైటానియం ఆక్సైడ్‌ది. ఇది అణువు. వేడెక్కితే ముక్కలైపోతుంది. మూడు వేల డిగ్రీల లాంటి ‘చల్లటి’ తారల మీదే బతకగలదు. మన సూర్యుడి ఉపరితలమే దాదాపు అయిదున్నర వేల డిగ్రీలుంటుంది. రెండోది హీలియానిది. గుంటూరులో కనిపించిన పసుపు గీత కాదు, దానికి అన్నలాంటి నీలి గీత. హీలియం పరమాణువులో ఉన్న రెండు ఎలక్ట్రాన్లలో ఒకటి ఊడిపోతేనే అది పుడుతుంది. ఆ గీత అలా మెరవాలంటే ఎంతో వేడి తార పక్కనుండాలి.

మంచుగడ్డా నిప్పుకణికా ఒకే గిన్నెలో ఉన్నట్టు! ఇది ఎలా సాధ్యం?

వేరుశనగ చెప్పిన జవాబు

రాయలసీమలో వేరుశనగ మొక్కను పీకి చూడండి. వేళ్లకు చిన్నచిన్న బుడిపెలుంటాయి. వాటిలో బ్యాక్టీరియా కాపురముంటుంది. మొక్క దానికి తిండి పెడుతుంది. అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. రెండు వేర్వేరు ప్రాణులు ఇలా కలిసి బతకడాన్నే జీవశాస్త్రం సహజీవనం అంటుంది. మెరిల్ 1941లో ఆ మాటనే నక్షత్రాలకు అరువు తెచ్చుకున్నాడు. అలా వచ్చినవే సింబయోటిక్ స్టార్స్... సహజీవన తారలు.

పేరైతే పెట్టారుగానీ లోపల ఉన్నది నిజంగా ఇద్దరేనా, ఒకే తార వింత వేషాలా అన్న వాదన మరో నలభై ఏళ్లు సాగింది. 1978లో అంతరిక్షంలోకి వెళ్లిన ఐయూఈ ఉపగ్రహం భూమికి చేరని అతినీలలోహిత కాంతిలో వీటిని చూసి, వేడి తార ఉనికిని నేరుగా పట్టుకుంది. ఇద్దరేనని తేలిపోయింది.

ఆ ఇద్దరిలో ఒకరు అరుణ మహాతార. వయసు మళ్లి, ఉబ్బి, ఒంటి మీది వాయువును గాలిలా బయటికి ఊదేస్తూ ఉంటుంది. రెండోది చాలావరకు శ్వేత కుబ్జతార. బతుకు ముగిసిన నక్షత్రపు గుండెకాయ. సూర్యుడంత సరుకును భూమంత బంతిలోకి కుదించినట్టు ఉంటుంది. దాని మీది పదార్థం చెంచాడు తీసినా టన్నుల బరువు. ఈ మరుగుజ్జు, మహాతార ఊదేసిన వాయువును లాక్కుంటూ, తన వేడితో చుట్టూ ఉన్న వాయువంతటినీ మెరిపిస్తుంది. ఆ మెరుపే వర్ణపటంలో ప్రకాశించే గీతలు. ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి చాలా జంటలకు కొన్ని వందల రోజులు పడుతుంది. కొన్నింటికి దశాబ్దాలు పడుతుంది. కుంభరాశిలోని ఆర్ అక్వారీ జంటకు ఒక్క చుట్టు తిరగడానికి నలభై ఏళ్లకు పైనే కావాలి.

గుర్తుపట్టేదెలా?

శాస్త్రవేత్తలు ముందు చూసేది ఎర్రటి వైపు. అక్కడ టైటానియం ఆక్సైడ్ కొరికేసినట్టు వెడల్పాటి పట్టీలు కనిపిస్తే, చల్లటి మహాతార ఉన్నట్టే. ఆ తర్వాత మెరిసే గీతలు వెతుకుతారు. హైడ్రోజన్ గీతలు ఒక్కటీ చాలవు. ఎందుకంటే ఒంటరి మహాతారలు కూడా కొన్నిసార్లు అవి చూపిస్తాయి. 4686 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర హీలియం నీలి గీత, 5007 దగ్గర ఆక్సిజన్ ఆకుపచ్చ గీత లాంటి, గట్టి వేడి ఉంటే తప్ప రానివి కావాలి. అవి ఉండి చల్లటి తార గుర్తులు లేకపోతే అది గ్రహ నీహారిక కావచ్చు. మోసపోవడానికి ఆస్కారం ఎక్కువే. అందుకే రెండు సంతకాలూ ఒకే కాగితం మీద పడాలి.

వీటన్నింటికీ మించిన సాక్ష్యం మరొకటుంది. ఎరుపు రంగులో 6825 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఓ వెడల్పాటి గీత. ఇది సహజీవన తారల్లోనే కనిపించేది. ఏ మూలకం జాబితాలో వెతికినా దొరికేది కాదు. దశాబ్దాల పాటు ‘గుర్తు తెలియనిది’గానే మిగిలిపోయింది.

1989లో హాన్స్ మార్టిన్ ష్మిడ్ అనే శాస్త్రవేత్త చిక్కుముడి విప్పాడు. అది ఏ మూలకమూ ఆ చోట విడుదల చేసిన వెలుగు కాదు. అయిదు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ నుంచి బయల్దేరిన అతినీలలోహిత కాంతి. దారిలో చల్లటి హైడ్రోజన్ పరమాణువును గుద్దుకుని, తన శక్తిలో చాలా భాగం దానికి వదిలేసి, ఎర్రటి వెలుగుగా మారి బయటికొస్తోంది!

వెలుగు దేన్నో తాకి రంగు మార్చుకోవడం... ఎక్కడో విన్నట్టుంది కదూ? అవును, అది రామన్ ఎఫెక్టే. 1928లో కలకత్తాలో సర్ సీవీ రామన్ కనిపెట్టినదే. ఆ రామన్ చదువుకున్నది మన విశాఖపట్నంలో. తండ్రి అక్కడి ఏవీఎన్ కళాశాలలో అధ్యాపకుడు. పదకొండేళ్లకే మెట్రిక్ పాసై, అదే కళాశాలలో ఎఫ్ఏ చదివాడాయన. ప్రయోగశాలలో ద్రవాల మీద ఆయన చూసిన వింత, వేల కాంతి సంవత్సరాల అవతల నక్షత్రాల మధ్య జరుగుతూ ఉందన్నమాట.

ఈ గీత మరెక్కడా ఎందుకు రాదంటే, దానికి రెండూ కావాలి. ఆక్సిజన్ ఒంటి మీంచి అయిదు ఎలక్ట్రాన్లను ఒలిచేసేంత వేడీ కావాలి, ఆ పక్కనే చెక్కుచెదరని చల్లటి హైడ్రోజన్ మేఘమూ కావాలి. ఆ రెండూ ఇరుగుపొరుగుగా ఉండేది ఇలాంటి కాపురాల్లోనే. దాదాపు సగం సహజీవన తారల్లో ఈ గీత కనిపిస్తుంది. కనిపించిందంటే ఇక సందేహం అక్కర్లేదు.

అసలు గీతల్ని బట్టి నక్షత్రం వేడి లెక్కగట్టే సమీకరణం ఇచ్చింది కూడా మనవాడే. 1920లో మేఘనాథ్ సాహా.

కనిపెడితే ఏమిటి లాభం?

మహాతార నుంచి లాక్కున్న హైడ్రోజన్ మరుగుజ్జు మీద పొరలుపొరలుగా పేరుకుంటుంది. ఒత్తిడి ఓ హద్దు దాటగానే ఆ పొర మొత్తం హైడ్రోజన్ బాంబులా పేలుతుంది. అదే నోవా. పేలాక మళ్లీ పేరుకోవడం మొదలు. సర్పధారి రాశిలోని ఆర్‌ఎస్ ఒఫియూకి ఇలా 1898, 1933, 1958, 1967, 1985, 2006, 2021 సంవత్సరాల్లో పేలుతూ కనిపించింది. 2006 పేలుడు రేడియో ఘోషను పుణె దగ్గరున్న మన జీఎంఆర్‌టీ దూరదర్శిని కూడా విన్నది. 2010లో వీ407 సిగ్ని అనే మరో సహజీవన తార పేలినప్పుడు ఫెర్మీ ఉపగ్రహానికి గామా కిరణాలు దొరికాయి. నోవాల నుంచి గామా కిరణాలు రావడం అదే మొదటిసారి చూడటం.

పేలిన ప్రతిసారీ మరుగుజ్జు మీద కాస్త సరుకు మిగిలిపోతే? దాని బరువు మెల్లమెల్లగా పెరుగుతుంది. సూర్యుడికి 1.4 రెట్ల దగ్గర ఒక లక్ష్మణరేఖ ఉంది. దాన్ని లెక్కగట్టింది రామన్ అన్న కొడుకు, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. ఆ రేఖ దగ్గరికి చేరితే మరుగుజ్జు మొత్తం బద్దలైపోతుంది. అది సూపర్‌నోవా. ఈ రకం సూపర్‌నోవాల వెలుగునే కొలబద్దగా పెట్టుకుని విశ్వం నానాటికీ వేగంగా వ్యాకోచిస్తోందని 1998లో తేల్చారు. 2011లో దానికి నోబెల్ వచ్చింది. కానీ ఆ కొలబద్ద పుట్టిల్లేది? సహజీవన తారలా, రెండు మరుగుజ్జులు ఢీకొనడమా? ఆ తగువు తీరలేదు. తీరాలంటే ముందు ఇలాంటి కాపురాలు ఎన్నున్నాయో లెక్క తెలియాలి.

చిక్కంతా అక్కడే. 2000లో వేసిన జాబితాలో ఖాయంగా తేలినవి 188. 2019 నాటి జాబితాలో మూడొందల పైచిలుకు. మన పాలపుంతలోనే ఇవి మూడు వేల నుంచి నాలుగు లక్షల దాకా ఉండొచ్చని వేర్వేరు అంచనాలు! మిగతావన్నీ మామూలు ఎర్ర చుక్కల్లా మన కళ్లెదుటే దాక్కున్నాయి. ఎస్‌యూ లిన్సిస్ అనే తారనే తీసుకోండి. మామూలు మహాతారేననుకున్నారు. ఎక్స్ కిరణాల్లో చూస్తే పక్కనే మరుగుజ్జు ఉందని 2016లో తెలిసింది. అది నెమ్మదిగా తింటోంది కాబట్టి గీతలు మరీ మసగ్గా ఉన్నాయి. అంటే వర్ణపటం కళ్లు కూడా ఒక్కోసారి మోసపోతాయన్నమాట.

అయినా వెతుకులాట ఆగలేదు. 2018లో గయా ఉపగ్రహం ఓ తార ఉన్నట్టుండి వెలగడం గమనించింది. దాని వర్ణపటం తీస్తే సహజీవన తారేనని తేలింది. మన దేశంలో లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల దూరదర్శిని ఉంది. బెంగళూరు దగ్గరి హోసకోటెలో కూర్చుని ఉపగ్రహం ద్వారా దాన్ని నడిపిస్తారు. తమిళనాడులోని కావలూరు వేధశాలకు వైను బాపు పేరు పెట్టారు. ఆయన హైదరాబాద్‌లో, నిజామియా వేధశాలలో పనిచేసే తండ్రి దగ్గర చుక్కలు చూస్తూ పెరిగినవాడు.

పెద్ద దూరదర్శినులకు ప్రతి రాత్రీ ఒకే చుక్కను చూసే తీరిక ఉండదు. ఆ ఖాళీని ఔత్సాహికులు నింపుతున్నారు. పగలు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రిళ్లు పెరట్లో చిన్న దూరదర్శినికి వర్ణపటదర్శిని బిగించి సహజీవన తారల గీతల్ని ఏళ్ల తరబడి నమోదు చేస్తున్నవాళ్లు ఎందరో. ఫ్రాన్స్ ఔత్సాహికులు ముందుండి నడిపిన ఎరాస్ బృందం అలాంటి వేల వర్ణపటాలు పోగుచేసింది. శాస్త్రవేత్తలు తమ పరిశోధన పత్రాల్లో వాటిని వాడుకుంటున్నారు.

స్వాతి పక్కన కిరీటం

మే నెల రాత్రి పది గంటల వేళ మేడ మీదికెళ్లి తలెత్తితే, దాదాపు నడినెత్తిన నారింజ రంగులో వెలిగేది స్వాతి నక్షత్రం. దానికి తూర్పున, కాస్త ఉత్తరంగా అర్ధచంద్రాకారంలో చిన్న చుక్కల వరుస ఉంటుంది. అదే ఉత్తర కిరీటం. అక్కడే ఉంది టీ కరోనే బొరియాలిస్. మామూలు రోజుల్లో చిన్న దూరదర్శిని లేనిదే కనిపించదు. 1866లో అది ఒక్కసారిగా ధ్రువ నక్షత్రమంతగా వెలిగింది. ఇంగ్లండులో విలియం హగిన్స్ దాని మీదికి వర్ణపటదర్శిని తిప్పి, హైడ్రోజన్ మెరిసే గీతల్ని చూశాడు. ఒక నోవా వర్ణపటాన్ని మనిషి చూడటం అదే మొదలు.

మళ్లీ 1946లో పేలింది. అంటే ఎనభై ఏళ్లకోసారి. 2024 సెప్టెంబరులోగా మళ్లీ పేలుతుందని కొందరు శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. ఆ గడువులోగా తార మాత్రం పేలలేదు. నక్షత్రాలు మన క్యాలెండర్ చూసుకోవు మరి! దాని మరుగుజ్జు బరువు చంద్రశేఖర్ గీసిన రేఖకు దగ్గర్లోనే ఉంది. అందుకే అందరికీ దాని మీద అంత ఆసక్తి.

సుమారు మూడు వేల కాంతి సంవత్సరాల దూరం దానిది. మనం చూసే ఏ పేలుడైనా అక్కడ మూడు వేల ఏళ్ల కిందటే జరిగిపోయి ఉంటుంది. ఆ వెలుగు దారిలో ఉంటుంది, అంతే.

ఇంట్లోనే చేసి చూడండి!

పిల్లలతో కలిసి చేయగలిగిన పనిది. పాత సీడీ ఒకటి తీసుకోండి. రాత్రిపూట గదిలో ఒక్క ట్యూబ్‌లైటే వెలుగుతుండగా, దాని వెలుగు సీడీ మెరిసే వైపు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. రంగులు విడివిడిగా, ఆకుపచ్చ, ఊదా చోట్ల గట్టిగా కనిపిస్తాయి. ట్యూబ్‌లో ఉన్న పాదరసం సంతకం అది. అదే పాతకాలపు బల్బు ముందు పెడితే రంగులన్నీ తెగకుండా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి. సూర్యుడి వైపు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి, కళ్లకు ప్రమాదం.

ఈసారి చారు పొంగినప్పుడు... ముందు స్టవ్ తగ్గించండి. ఆ తర్వాత పిల్లల్ని పిలిచి ఆ పసుపు మంట కథ చెప్పండి. మంట రంగు చూసి ఉప్పును గుర్తుపట్టినట్టే, చుక్క వెలుగు చూసి దాని కాపురం గుట్టు చెప్పొచ్చని వాళ్లకు తెలుస్తుంది. అలా చెప్పడం నేర్చుకునే దారిలో మన గుంటూరు ఓ మజిలీ అని కూడా!